సముద్రంలోకి దిగకుండానే పడవ నడపడం నేర్పే వీఆర్ సిమ్యులేటర్లు: సిక్కోలు తీరానికి ఎంతవరకు పనికొస్తాయి?

తలకు హెడ్‌సెట్ తగిలించుకుని కుర్చీలో కూర్చుంటారు. కళ్ల ముందు సముద్రం కనిపిస్తుంది. చేతిలో స్టీరింగ్, పక్కన ఇంజిన్ వేగం పెంచే లీవర్. కుర్చీ కింద ఉన్న యంత్రం కెరటానికి తగ్గట్టు పైకి లేస్తుంది, కిందకు దిగుతుంది. మీరు హాల్లోనే ఉన్నారు. మెదడు మాత్రం బోటులో ఉన్నాననుకుంటుంది.

వర్చువల్ రియాలిటీ సిమ్యులేటర్ అంటే స్థూలంగా ఇదే. విమానాల పైలట్లకు, యుద్ధ ట్యాంకు డ్రైవర్లకు సిమ్యులేటర్లపై శిక్షణ ఇవ్వడం చాలాకాలంగా ఉంది. ఇప్పుడు పడవల వంతు వచ్చింది. నౌకాదళాలు, కోస్ట్ గార్డులు చిన్న బోట్ల సిబ్బందికి కూడా ఇలా శిక్షణ ఇచ్చే దిశగా వెళ్తున్నాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఇది దూరపు వార్తలా అనిపించవచ్చు. కానీ ఈ రెండు జిల్లాల తీరంలో నాలుగు మెరైన్ పోలీస్ స్టేషన్లు ఉన్నాయి. ఇక్కడి నుంచి ఎంతోమంది యువకులు సైన్యం, నేవీ ఉద్యోగాలకు సిద్ధమవుతుంటారు. తుపాను వస్తే ప్రాణాలు కాపాడేది బోట్లే. కాబట్టి బోటు నడిపేవారికి ఎలాంటి శిక్షణ అందుతోందన్నది ఇక్కడి వారికి సంబంధించిన విషయమే.

ఈ సిమ్యులేటర్లు ఏం నేర్పగలవు, ఏం నేర్పలేవు? ఈ తీరానికి కావాలంటే అవి ఎలా ఉండాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

సిమ్యులేటర్లలో ఎన్ని రకాలు?

ప్రధానంగా మూడు రకాలున్నాయి.

మొదటిది కంప్యూటర్ తెర మీద నడిచేది. రాడార్ చూడటం, మ్యాప్ మీద దారి గీయడం, ఎదురొచ్చే ఓడను తప్పించే నియమాలు నేర్చుకోవడం వంటి వాటికి ఇది సరిపోతుంది.

రెండోది ఓడ నడిపే గదిని అచ్చంగా కట్టి, చుట్టూ పెద్ద తెరలు పెట్టేది. స్టీరింగ్, రాడార్, రేడియో అన్నీ నిజమైన ఓడలో ఉన్నట్టే ఉంటాయి. మర్చంట్ నేవీ శిక్షణలోనూ ఇవి ఎప్పటి నుంచో ఉన్నాయి. నౌకా సిబ్బంది శిక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందంలో సిమ్యులేటర్లు ఎలా ఉండాలో చెప్పే నిబంధనలు కూడా ఉన్నాయి.

మూడోది వీఆర్. ఇందులో గది అవసరం లేదు. హెడ్‌సెట్ లోపల రెండు కళ్లకు రెండు చిత్రాలు వేరువేరుగా కనిపిస్తాయి, అందుకే లోతు తెలుస్తుంది. తల ఎటు తిప్పితే అటువైపు దృశ్యం మారుతుంది. తల కదలికకు, దృశ్యం మారడానికి మధ్య ఆలస్యం సెకనులో యాభయ్యో వంతుకు మించకూడదన్నది తయారీదారులు పెట్టుకునే లక్ష్యం. అంతకంటే ఆలస్యమైతే కళ్లు తిరగడం మొదలవుతుంది.

వీఆర్‌కు ఉన్న పెద్ద సౌలభ్యం ఖర్చు, స్థలం. గోడలంతా తెరలు కట్టాల్సిన పని లేదు. ఒక వ్యాన్‌లో పట్టేంత సామగ్రితో కూడా నడపొచ్చు. చిన్న పోలీస్ స్టేషన్లకు ఇది పనికొస్తుందని అనుకోవడానికి కారణం అదే.

మన నేవీ ఇప్పటికే ఏం వాడుతోంది?

రక్షణ శాఖ 2021లో మూడు దళాల్లో సిమ్యులేటర్ల వాడకాన్ని పెంచేందుకు ఒక విధాన పత్రాన్ని విడుదల చేసింది. ఖర్చు తగ్గించడం, ప్రమాదం తగ్గించడం, అసలు పరికరాలు అరిగిపోకుండా చూడటం అందులోని ఉద్దేశాలు.

2023 జూన్ 21న కొచ్చిలోని దక్షిణ నౌకాదళ కమాండ్‌లో ధ్రువ్ పేరుతో సిమ్యులేటర్ల సముదాయాన్ని రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ప్రారంభించారు. ఓడను నడిపే సిమ్యులేటర్, విమానాలు, హెలికాప్టర్లకు దారి చూపే సిమ్యులేటర్, నక్షత్రాలను చూసి దిశ తెలుసుకునే డోమ్ అందులో ఉన్నాయి. వాటిలో ఓడ నడిపే సిమ్యులేటర్‌ను ఢిల్లీకి చెందిన అప్లైడ్ రీసెర్చ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ తయారు చేసింది.

ఇక్కడ మన వైపు నుంచి ఒక లింకు ఉంది. హైదరాబాద్‌లో 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ సైన్యానికి, పోలీసులకు ఫైరింగ్, డ్రైవింగ్ సిమ్యులేటర్లు తయారు చేస్తుంది. 2025లో ఆ సంస్థ అప్లైడ్ రీసెర్చ్ ఇంటర్నేషనల్‌లో మెజారిటీ వాటా తీసుకుంటున్నట్టు ప్రకటించింది. అంటే ఈ హైదరాబాద్ కంపెనీ సముద్రం వైపు కూడా అడుగు వేసింది. రాష్ట్ర పోలీసులు ఎప్పుడైనా బోటు సిమ్యులేటర్ కావాలనుకుంటే విదేశాల వైపు చూడక్కర్లేదు.

యుద్ధనౌకల డిజైన్ విభాగంలో కూడా నేవీ వీఆర్ వాడుతోంది. ఓడ కట్టకముందే దాని గదుల్లో నడిచి చూసి, ఎక్కడ ఇరుకవుతుందో, ఎక్కడ తలుపు అడ్డమొస్తుందో తెలుసుకుంటారు.

కానీ అన్నింటికీ హెడ్‌సెట్లే వాడుతున్నారని అనుకోకూడదు. మహారాష్ట్ర లోనావాలాలోని ఐఎన్ఎస్ శివాజీలో ఓడకు రంధ్రం పడి నీళ్లు చొరబడితే ఏం చేయాలో నేర్పే సిమ్యులేటర్ ఉంది. అందులో నిజమైన ఇనుప గదిలోకి నిజమైన నీళ్లు వదులుతారు. గది ఊగుతుంటే ఆ నీళ్లలో నిలబడి రంధ్రం మూయాలి.

విశాఖపట్నంలోని ఐఎన్ఎస్ శాతవాహనలో 2024 డిసెంబరులో ప్రారంభించిన వినేత్ర కేంద్రం కూడా అలాంటిదే. ప్రమాదంలో పడ్డ జలాంతర్గామి నుంచి బయటపడటాన్ని అక్కడ నీటి ట్యాంకులోకి దింపి నేర్పుతారు.

దీన్నిబట్టి ఒక సంగతి అర్థమవుతుంది. కళ్లతో చూసి నిర్ణయం తీసుకోవాల్సిన పనులకు నేవీ తెరలు వాడుతోంది. ఒళ్లు అలవాటు పడాల్సిన పనులకు నీళ్లలోకే దింపుతోంది. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

పెద్ద ఓడ కంటే చిన్న బోటుకు సిమ్యులేటర్ చేయడం ఎందుకు కష్టం?

పెద్ద ఓడ నెమ్మదిగా కదులుతుంది. దాని కదలికను తెర మీద చూపిస్తే చాలావరకు సరిపోతుంది. చిన్న స్పీడ్ బోటు అలా కాదు.

పడవ ఆరు రకాలుగా కదులుతుంది. ముందుకూ వెనక్కూ, ఎడమకూ కుడికీ, పైకీ కిందకీ జరగడం మూడు. పక్కకు ఒరగడం, ముక్కు లేచి పడటం, దిశ మారడం మరో మూడు. ఆరు ఇనుప కాళ్ల మీద నిలిపిన కదిలే వేదికతో వీటిని కొంతవరకు సృష్టించవచ్చు.

వేగంగా వెళ్లే బోటు కెరటం మీద నుంచి ఎగిరి నీళ్ల మీద పడినప్పుడు వచ్చే కుదుపు మాత్రం వేరు. అది నేరుగా నడుముకు, వెన్నుపూసకు తగులుతుంది. కాళ్లు కాస్త వంచి, ఒళ్లు సడలించి ఆ దెబ్బను తీసుకోవడం అనుభవజ్ఞులకు అలవాటు. నాలుగడుగులు కదిలే వేదిక మీద అంత దెబ్బను, గంటల తరబడి పడే దెబ్బలను సృష్టించలేరు. సృష్టించగలిగినా, అప్పుడు గాయాలు కాకుండా నేర్పాలన్న అసలు ఉద్దేశమే పోతుంది.

రెండో ఇబ్బంది కళ్లు తిరగడం. కళ్లు బోటు కదులుతోందని చెబుతాయి. చెవి లోపల ఉండే, మన ఒంటి కదలికను పసిగట్టే భాగం కదలడం లేదని చెబుతుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరక కొందరికి తలనొప్పి, వికారం వస్తాయి. అందుకే వీఆర్ శిక్షణను చిన్న చిన్న విడతలుగా ఇస్తారు. సముద్రంలో కళ్లు తిరగనివారికి హెడ్‌సెట్‌లో తిరగవచ్చు. హెడ్‌సెట్‌లో బాగానే ఉన్నవారికి సముద్రంలో తిరగవచ్చు. ఒకదానిలో బాగున్నారు కదా అని రెండోదానికి పనికొస్తారని చెప్పలేం.

సిక్కోలు తీరం ప్రత్యేకత ఏమిటి?

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఇచ్ఛాపురం వైపు ఒడిశా సరిహద్దు నుంచి రణస్థలం వైపు వరకు 11 మండలాలను అది తాకుతుంది. విజయనగరం జిల్లా తీరం 28 కిలోమీటర్లే. పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో ఉంటుంది.

ఈ తీరంలో బారువ, భావనపాడు, కళింగపట్నం, చింతపల్లిలో మెరైన్ పోలీస్ స్టేషన్లున్నాయి. మొదటి మూడూ శ్రీకాకుళం జిల్లావి, చింతపల్లి విజయనగరం జిల్లాది. రాష్ట్రం మొత్తం మీద ఇలాంటివి 21 ఉన్నాయి.

వీటికి మూలం కేంద్రం 2005లో మొదలుపెట్టిన తీర భద్రత పథకం. 2008 నవంబరు 26న ముంబయిపై దాడి చేసిన పది మంది ఉగ్రవాదులు సముద్రం మీదుగా, ఒక చేపల బోటును స్వాధీనం చేసుకుని వచ్చారు. ఆ తర్వాత ఈ ఏర్పాట్లన్నీ వేగం పుంజుకున్నాయి. పథకం రెండో దశ 2011లో మొదలైంది. నేవీ కూడా 2009లో సాగర్ ప్రహరీ బల్ అనే ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేసుకుని, దానికి 80 వేగవంతమైన బోట్లను సమకూర్చుకుంది. నౌకా స్థావరాల చుట్టూ గస్తీ దాని పని.

తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా గస్తీ మెరైన్ పోలీసులది. అంతకు మించి కోస్ట్ గార్డ్, నేవీ చూసుకుంటాయి. వినడానికి తీరానికి దగ్గరి పనే తేలిక అనిపిస్తుంది. బోటు నడిపేవారిని అడిగితే తీరం దగ్గరే ఎక్కువ ప్రమాదమంటారు.

ఎందుకంటే లోతైన సముద్రంలో కెరటం లేచి దిగుతుంది. ఒడ్డు దగ్గర నేల తగిలి విరుగుతుంది. విశాఖలో ఉన్నట్టు పెద్ద హార్బర్ ఈ రెండు జిల్లాల్లో ఏ ఊరికీ ఇంతకాలం లేదు. మత్స్యకారులు ఫైబర్ బోట్లను ఇసుక మీద నుంచే నెట్టుకుంటూ, విరిగే కెరటాలను దాటుకుని వేటకు వెళ్తారు. తిరిగొచ్చేటప్పుడు అదే కెరటాల మీదుగా ఒడ్డెక్కుతారు.

నదులు కలిసే చోట్లు ఇంకా కష్టం. బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తాయి. ఈ మొగల దగ్గర ఇసుక మేటలు స్థలం మారుతుంటాయి. వరద వచ్చినప్పుడు ఒక తీరు, ఎండాకాలంలో ఇంకో తీరు. నది నీరు బయటకు తోస్తుంటే, కెరటం లోపలికి తోస్తుంది. పోటు సమయంలో దారి ఉన్నచోట పాటు సమయంలో బోటు అడుగు నేలకు తగులుతుంది.

ఒడ్డుకు వస్తున్న బోటును వెనక నుంచి కెరటం ఎత్తితే, ముక్కు నీళ్లలోకి దిగి, వెనక భాగం పక్కకు తిరుగుతుంది. బోటు కెరటానికి అడ్డంగా పడుతుంది. తర్వాతి కెరటం దాన్ని బోర్లా పడేస్తుంది. ఇది కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. ఆ సెకన్లలో వేగం తగ్గించాలా, పెంచాలా అన్నదే ప్రశ్న. భయంతో వేగం ఒక్కసారిగా తగ్గిస్తే చుక్కాని పట్టు పోతుంది. పెంచితే కెరటం ముందుకు దూకేస్తుంది. కెరటం వీపు మీదే, దానితో సమానంగా రావడం తెలియాలి.

ఇక్కడి తండేళ్లు దీన్ని చిన్నప్పటి నుంచి నేర్చుకుంటారు. పోలీస్ ఉద్యోగంలో చేరి ఈ స్టేషన్‌కు బదిలీపై వచ్చిన కానిస్టేబుల్‌కు అది ఎవరు నేర్పాలి? సిమ్యులేటర్ చర్చకు అసలు కారణం ఈ ప్రశ్నే.

సిమ్యులేటర్ ఏం బాగా నేర్పగలదు?

తప్పు చేసి ప్రాణం పోగొట్టుకోకుండా, ఆ తప్పు నుంచి నేర్చుకునే వీలు కల్పించడం దీని మొదటి బలం. పైన చెప్పిన బోర్లాపడే సందర్భాన్ని నిజం బోటుతో ఎవరూ సాధన చేయించరు. సిమ్యులేటర్‌లో ఒక పూటలో ఇరవైసార్లు బోర్లా పడొచ్చు. ఇరవై ఒకటోసారి ఎందుకు పడలేదో అర్థమవుతుంది.

రెండోది అరుదైన సందర్భాలు. రాత్రి పొగమంచులో గస్తీ, చుట్టూ లైట్లు లేని వేట పడవలు, దూరంగా మరబోటు. మనిషి నీళ్లలో పడిపోతే బోటును ఎటు తిప్పి, ఏ వైపు నుంచి దగ్గరకు తేవాలి? ప్రొపెల్లర్ తగలకుండా ఎలా ఎక్కించాలి? ఇలాంటివి సముద్రంలో కోరినప్పుడు దొరకవు. సిమ్యులేటర్‌లో ఎన్నిసార్లయినా సృష్టించవచ్చు.

మూడోది సిబ్బంది మధ్య మాటా పొత్తు. బోటు నడిపేవారు, రాడార్ చూసేవారు, రేడియోలో మాట్లాడేవారు ఒకే జట్టు. ఎవరు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది సాధనతోనే వస్తుంది.

నాలుగోది తర్వాత చూసుకునే వీలు. సిమ్యులేటర్ ప్రతి కదలికనూ నమోదు చేస్తుంది. శిక్షణ అయ్యాక మళ్లీ వేసి, ఫలానా క్షణంలో నువ్వు కుడివైపు చూడలేదు అని చూపించవచ్చు. సముద్రంలో ఆ అవకాశం లేదు.

ఏం నేర్పలేదు?

ఉప్పునీళ్లు కళ్లలో పడుతుంటే చూడటం, తడిసిన తాడు ముడి వేయడం, లైఫ్ జాకెట్ మీద బరువు మోస్తూ ఊగే బోటు నుంచి మరో బోటులోకి అడుగు వేయడం, ఇంజిన్ ఆగిపోతే విప్పి చూడటం వంటివి హెడ్‌సెట్‌లో రావు. భయం కూడా రాదు. అది ఆట కాదని తెలిసినప్పుడు గుండె వేగం, చేతుల వణుకు వేరేగా ఉంటాయి.

అలసట కూడా అంతే. నాలుగు గంటలు ఎండలో, కుదుపుల మధ్య తిరిగాక మనిషి తీసుకునే నిర్ణయం, ఏసీ గదిలో అరగంట కూర్చున్నాక తీసుకునే నిర్ణయం ఒకేలా ఉండవు.

అమెరికా నేవీ ఎక్కడ దెబ్బతింది?

శిక్షణలో పొదుపు ఎక్కడికి దారితీస్తుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది.

అమెరికా నేవీ 2003లో, కొత్తగా చేరిన ఓడ అధికారులకు తరగతి గదిలో ఇచ్చే నెలల శిక్షణను ఆపేసింది. దాని బదులు కంప్యూటర్ సీడీల కట్ట ఇచ్చి, ఓడ మీదే చదువుకోమంది. ఖర్చు మిగిలింది. ఓడలు నడిపే నైపుణ్యం తగ్గుతోందన్న విమర్శలు రావడంతో తర్వాతి సంవత్సరాల్లో తరగతులు తిరిగి మొదలుపెట్టింది.

2017 జూన్‌లో జపాన్ దగ్గర ఫిట్జ్‌జెరాల్డ్ అనే యుద్ధనౌక ఒక సరకు ఓడను ఢీకొంది. ఏడుగురు నావికులు చనిపోయారు. రెండు నెలలకే ఆగస్టులో సింగపూర్ దగ్గర జాన్ ఎస్ మెకెయిన్ అనే మరో యుద్ధనౌక ఒక ట్యాంకర్‌ను ఢీకొంది. పది మంది చనిపోయారు. దర్యాప్తుల్లో శిక్షణ లోపాలు, సిబ్బంది అలసట, పర్యవేక్షణ లోపం బయటపడ్డాయి.

మెకెయిన్ కథలో గమనించాల్సింది ఇంకొకటుంది. ఆ ఓడను టచ్ స్క్రీన్‌తో నడిపే కొత్త వ్యవస్థపై సిబ్బందికి తగినంత శిక్షణ లేదు. స్టీరింగ్ నియంత్రణ ఒక చోటు నుంచి మరో చోటుకు మారిందని వారికి వెంటనే అర్థం కాలేదు. ఓడ మాట వినడం లేదనుకున్నారు. ఆ తర్వాత నేవీ టచ్ స్క్రీన్ లీవర్ల స్థానంలో చేత్తో పట్టుకునే లీవర్లు తిరిగి పెట్టాలని నిర్ణయించింది. శాన్ డియాగో, నార్‌ఫోక్‌లలో పెద్ద సిమ్యులేటర్ కేంద్రాలు కూడా కట్టింది.

ఇందులోంచి మనకు రెండు పాఠాలున్నాయి. సముద్రంలో గడిపే గంటలకు బదులుగా కంప్యూటర్ శిక్షణను పెడితే నష్టమే. అదే సిమ్యులేటర్‌ను సముద్రపు గంటలకు తోడుగా వాడితే లాభం ఉంది. ఇక సిమ్యులేటర్‌లో ఉన్న లీవర్లు, మీటలు అసలు బోటులో ఉన్నట్టే ఉండాలి. ఎక్కడో తయారైన బోటు నమూనాపై నేర్చుకుని, ఇక్కడి బోటు ఎక్కితే చేయి తప్పు చోటుకు వెళ్తుంది.

మన దగ్గర అసలు సమస్య ఎక్కడుంది?

తీర భద్రత పథకం కింద రాష్ట్రాలకు 12 టన్నులు, 5 టన్నుల బోట్లు ఇచ్చారు. వాటి నిర్వహణ, డీజిల్, సిబ్బంది మాత్రం తేలికగా సమకూరలేదు. గుజరాత్, ఒడిశా వంటి రాష్ట్రాల మెరైన్ పోలీసింగ్‌ను పరిశీలించిన కాగ్ నివేదికలు సిబ్బంది కొరత, బోట్ల లోటు, అనుకున్నంత గస్తీ జరగకపోవడం వంటి అంశాలను ఎత్తిచూపాయి.

మెరైన్ పోలీసులకు కోస్ట్ గార్డ్ శిక్షణ ఇస్తోంది. 2018 నుంచి గుజరాత్‌లో జాతీయ తీర పోలీసింగ్ అకాడమీ నడుస్తోంది. కానీ అక్కడ నేర్చుకుని వచ్చిన కానిస్టేబుల్‌కు ఇక్కడి మొగ, ఇక్కడి ఇసుక మేట తెలియవు. బదిలీ అయితే నేర్చుకున్నదీ పోతుంది.

ఇలాంటి చోట సిమ్యులేటర్ వస్తే ఒక ప్రమాదం ఉంది. బోటుకు డీజిల్ అడిగితే, సిమ్యులేటర్ ఉంది కదా అనే జవాబు రావచ్చు. శిక్షణ గంటల పట్టికలో హెడ్‌సెట్ గంటలు, సముద్రపు గంటలు ఒకే గడిలో కలిసిపోవచ్చు. కాగితం మీద శిక్షణ పెరుగుతుంది. జెట్టీ దగ్గర బోటు అలాగే ఉంటుంది.

ఈ తీరానికి కావాలంటే ఎలా ఉండాలి?

మొదట, దృశ్యం ఇక్కడిది కావాలి. ఎవరో విదేశీ రేవు బొమ్మ పెట్టి నేర్పితే ప్రయోజనం తక్కువ. సముద్రపు లోతుల మ్యాపులు డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం తయారు చేస్తుంది. కెరటాల ఎత్తు, గాలి, ప్రవాహాల అంచనాలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇస్తుంది. చిన్న పడవలు ఏ రోజు ఎక్కడ బోర్లాపడే ముప్పు ఎక్కువో చెప్పే సేవను కూడా ఆ సంస్థ 2020లో మొదలుపెట్టింది. వెడల్పు ఏడు మీటర్ల వరకు ఉన్న పడవలకు అది వర్తిస్తుంది. ఈ సమాచారంతో కళింగపట్నం మొగను, బారువ ఒడ్డును సిమ్యులేటర్‌లో దాదాపు ఉన్నదున్నట్టు దించడం సాధ్యమే. మేటలు మారతాయి కాబట్టి ఏటా సరిచూసుకోవాలి.

రెండోది, నాలుగు స్టేషన్లకు నాలుగు సిమ్యులేటర్లు అక్కర్లేదు. వ్యాన్‌లో తీసుకెళ్లే ఒక యూనిట్ రెండు జిల్లాలకూ సరిపోతుంది. తుపాన్ల కాలం ముందు, అంటే ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి తిప్పితే ఆపద సమయానికి చేయి తిరిగి ఉంటుంది. ఈ తీరాన్ని తాకిన పెద్ద తుపాన్లు 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరు చివర్లో గులాబ్ అని గుర్తుంచుకుంటే ఆ నెలల ప్రాధాన్యం తెలుస్తుంది. మెరైన్ పోలీసులతో పాటు విపత్తు సహాయక దళాలు, అగ్నిమాపక సిబ్బంది కూడా వాడుకోవచ్చు.

మూడోది, పాఠం చెప్పేవారిలో తండేళ్లు ఉండాలి. ఏ కెరటం తర్వాత ఖాళీ వస్తుందో, మొగ దగ్గర నీటి రంగు మారితే దాని కింద ఏముందో వారికి తెలిసినట్టు సాఫ్ట్‌వేర్ రాసేవారికి తెలియదు. గౌరవ వేతనం ఇచ్చి కూర్చోబెడితే సిమ్యులేటర్ నమూనా సరిగ్గా ఉందో లేదో కూడా వాళ్లే చెబుతారు. తీర భద్రతలో మత్స్యకారులను కళ్లూ చెవులూ అని అధికారులు పిలవడం కొత్త కాదు. వారికి శిక్షకుల స్థానం ఇవ్వడం మాత్రం కొత్తే అవుతుంది.

నాలుగోది, ప్రతి హెడ్‌సెట్ గంట వెనక సముద్రపు గంట ఉండాలన్న నియమం. ఉదయం సిమ్యులేటర్‌లో చేసింది, ఆ వారంలోనే బోటులో చేయాలి. రెండింటినీ వేరువేరు గడుల్లో నమోదు చేయాలి.

నేవీలో చేరాలనుకునేవారికి ఇది అవసరమా?

ఎంపికకు అవసరం లేదు. నేవీ అగ్నివీర్ నియామకంలో ఆన్‌లైన్ రాత పరీక్ష, శారీరక సామర్థ్య పరీక్ష, వైద్య పరీక్ష ఉంటాయి. సిమ్యులేటర్ పరీక్ష లేదు. వీఆర్ శిక్షణ ఉంటేనే ఉద్యోగం వస్తుందని చెప్పి ఎవరైనా ఫీజు అడిగితే కట్టాల్సిన పని లేదు. ఆ డబ్బుతో ఈత నేర్చుకుంటే తర్వాత అక్కరకొస్తుంది.

ఎంపికైన వారికి తొలి శిక్షణ ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న ఐఎన్ఎస్ చిల్కాలో ఉంటుంది. పలాస, ఇచ్ఛాపురం మీదుగా వెళ్లే రైలు దారిలోనే, బరంపురం దాటాక వస్తుంది. 2023 మార్చి 28న అక్కడి నుంచి తొలి అగ్నివీర్ బ్యాచ్ బయటకు వచ్చింది. సుమారు 2,600 మందిలో 273 మంది మహిళలు. అగ్నివీర్ సర్వీసు నాలుగేళ్లే. ఆ తర్వాత నాలుగో వంతు మందికే కొనసాగే అవకాశం. ఉన్న కొద్దికాలంలో వేగంగా నేర్పాలి కాబట్టి సిమ్యులేటర్ల పాత్ర పెరిగే అవకాశమే ఎక్కువ.

విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్ 1960ల మొదటి నుంచి రక్షణ దళాలకు అధికారులను తయారు చేస్తోంది. అలాంటి స్కూళ్లలో, ఎన్‌సీసీ నేవీ యూనిట్లలో పిల్లలకు సముద్రంపై ఆసక్తి కలిగించడానికి వీఆర్ మంచి సాధనమే. అది ఆసక్తి కలిగించే స్థాయి మాత్రమేనని పెద్దలు గుర్తుంచుకోవాలి.

సామాన్యులు ఏం గమనించాలి?

రాష్ట్ర పోలీసులు గానీ, విపత్తు నిర్వహణ సంస్థ గానీ బోటు సిమ్యులేటర్ కొంటున్నట్టు ఎప్పుడైనా వార్త వస్తే, ధర కంటే ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. అందులోని బోటు మన స్టేషన్ల బోటేనా? అందులోని తీరం మన తీరమేనా? ఏటా మరమ్మతుకు, సాఫ్ట్‌వేర్ మార్పులకు డబ్బు కేటాయించారా? శిక్షకులు ఎవరు? ఆ ఏడాది ఒక్కో కానిస్టేబుల్ సముద్రంలో గడిపిన గంటలు పెరిగాయా, తగ్గాయా?

గస్తీ ఎప్పుడు, ఎక్కడ అన్నది రహస్యం. అది అడగకూడదు కూడా. ఏడాదికి ఎన్ని గంటలు బోటు నడిచింది, డీజిల్‌కు ఎంత ఖర్చయింది అన్నది ప్రజల డబ్బు లెక్క. స్థానిక ప్రజాప్రతినిధులు జిల్లా సమావేశాల్లో అడగదగిన లెక్క.

ఈలోగా సముద్రంలో ఎవరైనా ఆపదలో ఉన్నారని తెలిస్తే గుర్తుంచుకోవాల్సిన నంబర్లు రెండు. మెరైన్ పోలీసులకు 1093, కోస్ట్ గార్డ్‌కు 1554. ఫోన్ ఎత్తగానే బోటు కదలాలి. దాన్ని నడిపే మనిషికి మొగ దాటడం వచ్చి ఉండాలి. సిమ్యులేటర్ కొన్నా కొనకపోయినా, దాని విలువను కొలవాల్సింది ఆ ఒక్క పనితోనే.